ఉప్పల్‌లో వాన, రియాద్‌లో కౌంట్

2024 మే 16, గురువారం

నాంపల్లి స్టేషన్ బయట ఆటోవాడు ఎల్బీ స్టేడియానికి వంద అడిగాడు. ఉన్నది ఒక్క బ్యాగే కదా అని నడక మొదలుపెట్టాను. ఏడు కూడా కాలేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

వచ్చిన పని చెబితే ఇంట్లో అందరూ నవ్వారు. శనివారం రాత్రి సౌదీలోని రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్‌కీ బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీకీ పోటీ. సౌదీలో జరిగేదానికి వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్లడమేంటి, ఇక్కడే ఫోన్లో చూసుకోవచ్చుగా అన్నారు. చూసుకోవచ్చు. కానీ బాక్సింగ్ ఒక్కడే కూర్చుని చూస్తే సగం మజా పోతుంది. పక్కన ఎవడో ఒకడు "గార్డ్ ఎత్తరా!" అని టీవీ మీద అరవాలి. మలక్‌పేటలో ఉండే మా బావ, అంటే మేనత్త కొడుకు, చిన్నప్పుడు నాతోపాటే వైజాగ్‌లో గ్లవ్స్ కట్టినవాడు. ఇప్పుడు సాయంత్రాలు ఓ హాల్లో పిల్లలకి నేర్పుతున్నాడు. శనివారం రాత్రి వాళ్లంతా కలిసి చూస్తున్నారు, వచ్చెయ్ అన్నాడు.

ఇంతకీ ఈ పోటీకి అంత విలువ ఎందుకంటే, హెవీవెయిట్‌లో పెద్ద బెల్టులు నాలుగు, ఒక్కో బాక్సింగ్ సంఘం తన ఛాంపియన్‌కి ఇచ్చేది ఒక్కోటి. డబ్ల్యూబీసీ బెల్టు ఫ్యూరీ దగ్గరుంది. డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో మూడూ ఉసిక్ దగ్గరున్నాయి. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ ఓడలేదు. హెవీవెయిట్‌లో తిరుగులేని ఛాంపియన్ అని ఒక్కణ్ని చూపించి చెప్పుకున్నది 1999 నవంబర్‌లో, లెన్నాక్స్ లూయిస్ ఇవాండర్ హోలీఫీల్డ్‌ని ఓడించాక. అప్పట్లో మూడు బెల్టులనే లెక్కలోకి తీసుకునేవాళ్లు. నాలుగూ ఒక్కడి నడుముకి చేరడం హెవీవెయిట్‌లో ఇదే మొదటిసారి అవుతుంది. అసలు ఫిబ్రవరి 17నే జరగాల్సింది. ప్రాక్టీసులో ఫ్యూరీ కుడి కంటి మీద చీరుకుపోయి వాయిదా పడింది.

స్టేడియం దగ్గర బావ స్నేహితుడైన కోచ్ ఒకాయన కలిశాడు. ఔరంగజేబు సైన్యం 1687లో గోల్కొండ గెలిచినప్పుడు గుడారాలు వేసుకున్న మైదానం ఇదేనని చెబుతారు. ఫతే మైదాన్ అనే పాత పేరు అలా వచ్చిందే. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. వేసవి సెలవులు కావడంతో పిల్లలు బాగానే వచ్చారు. ఎక్కడ చూసినా స్కిప్పింగ్ తాళ్లు నేలకి తగిలే చప్పుడే.

పన్నెండేళ్లుంటాయేమో, ఒక కుర్రాడు గోడకి ఆనుకుని బ్యాండేజ్ చుట్టుకుంటున్నాడు. ముందు బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టుకి మూడు చుట్లు వేసి, అరచేతి మీదుగా పిడికిలి ఎముకల మీదకి తెచ్చాడు. చుడుతున్నంతసేపూ వేళ్లు బాగా ఎడంగా పెట్టాడు. దగ్గరగా పెట్టి చుడితే, పిడికిలి బిగించగానే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. చివర్న కొసని పళ్లతో పట్టి లాగి అంటించాడు. రెండో చెయ్యి చుట్టడం ఎప్పుడూ కష్టమే, అప్పటికే ఒక చెయ్యి మొద్దుబారి ఉంటుంది కదా. ఎవరినీ సాయం అడగలేదు. ఎవరు గెలుస్తారని అడిగితే తలెత్తకుండానే "ఫ్యూరీ. ఆరడుగుల తొమ్మిదంగుళాలున్నడు సార్" అన్నాడు. ఉసిక్ ఆరడుగుల మూడంగుళాలు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. బావ దగ్గర ఉప్పల్ మ్యాచ్ టికెట్ ఉంది, సన్‌రైజర్స్‌కీ గుజరాత్‌కీ. రాత్రి దాకా చూశారు గానీ టాస్ కూడా పడలేదు. తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు. చెరో పాయింటుతో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కి చేరిందని వాళ్ల అబ్బాయి గంతులేశాడు. "ఒక్క బంతి పడకుండా గెలిచినట్టేనట. మన ఆటలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?" అని తల తుడుచుకుంటూ బావ నన్నడిగాడు.

మే 17, శుక్రవారం

పొద్దున చెప్పుకోదగ్గదేమీ లేదు. సుల్తాన్‌బజార్‌లో అక్కకి ఏవో కొనాలంటే వెంట వెళ్లాను.

సాయంత్రం బావ బండి మీద బార్కస్ వెళ్లాం. చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. నిజాం కొలువులో ఉన్న అరబ్ సైనికుల బ్యారక్‌లు ఇక్కడ ఉండేవి, వాళ్ల సంతతి ఇప్పటికీ ఇక్కడే ఉంది. మగవాళ్లంతా లుంగీల్లో రోడ్డు పక్కన కూర్చుని కబుర్లాడుకుంటుంటే, ఏదో పల్లెలో రచ్చబండ దగ్గరకి వచ్చినట్టు అనిపించింది. ఇప్పుడు ఊరంతా మండీ కోసం ఇటు వస్తోంది గానీ, కుస్తీ తెలిసినవాళ్లకి బార్కస్ అంటే పహిల్వాన్లు.

బావకి తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటాయి, మెడా భుజాలూ ఇప్పటికీ ఒకటే దిమ్మలా ఉన్నాయి. తాలీంలో, అంటే కుస్తీ నేర్పేచోట, మట్టి తవ్వి మెత్తన చేయడం దగ్గర్నుంచి, దంగల్ ముందు తాగే బాదం పాల దాకా అన్నీ చెప్పారు. మా పోటీ సంగతి చెప్పాక, "అయితే ఇప్పుడు ఛాంపియన్ ఎవరు?" అన్నారు.

"ఇద్దరూ ఛాంపియన్లే ఉస్తాద్."

"అదెట్ల? ఇద్దరు దిగకముందే ఇద్దరూ గెలిచిన్రా?"

నాలుగు సంఘాలున్నాయని, ఒక్కోదానికి ఒక్కో బెల్టని, ఒకదాని ఛాంపియన్‌ని ఇంకోటి పట్టించుకోదని బావ విడమర్చి చెప్పాడు. పెద్దాయన అంతా ఓపికగా విని, "నడుం ఒక్కటే కద బేటా, నాలుగు బెల్టులు యాడ కట్టుకుంటడు?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. నిజానికి బాక్సింగ్ పెద్దల దగ్గరా లేదు. ఎన్ని బెల్టులుంటే అన్ని టైటిల్ పోటీలు, అన్ని టికెట్లు, ఒక్కో పోటీకి ఒక్కో సంఘానికి ఫీజు. ఇద్దరు గట్టివాళ్లు ఎదురుపడకుండా ఏళ్ల తరబడి నెట్టుకురావడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. కుస్తీలో ఇద్దరి పేర్లు మారుమోగితే జనమే దంగల్ పెట్టించేవాళ్లని ఉస్తాద్ అన్నారు. ఆయన కాలానికి అది నిజమే కావచ్చు, ఈ పోటీకి మాత్రం సౌదీ డబ్బు కావాల్సి వచ్చింది.

మండీ పళ్లెం చుట్టూ కూర్చుని ఫోన్లో బరువుల తూకం చూశాం. ఫ్యూరీ 262 పౌండ్లు. ఉసిక్ 233.5 అని ప్రకటించగానే బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇంత బరువెక్కాడంటే కాళ్లు ఆడవు, అయిపోయింది వీడి పని అన్నాడు. కాసేపటికి తేలిందేంటంటే, అది చదవడంలో పొరపాటట, అసలు బరువు 223.5. పది పౌండ్లు అంటే నాలుగున్నర కిలోలు. బావ మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

ఈ వారంలో మొదటి రక్తం ఎవరిదంటే ఫ్యూరీ వాళ్ల నాన్నది. జాన్ ఫ్యూరీ సోమవారం ఉసిక్ మనిషి ఒకడి ముఖాన్ని తలతో ఢీకొట్టి, తన నుదురే చీల్చుకున్నాడు. కొడుకు ఇంకా గ్లవ్స్ తొడుక్కోనే లేదు.

మే 18, శనివారం

పొద్దున్నే పక్కింటివాళ్లు, కిందింటివాళ్లు, అందరూ ఒకటే చర్చ. సోమవారం రెండు రాష్ట్రాల్లోనూ పోలింగ్ అయింది, లెక్కింపు జూన్ 4న. అక్క ఓటు వేయడానికి అనకాపల్లి వెళ్లి బుధవారమే తిరిగొచ్చింది, బస్సులో నిలబడే వచ్చిందట. ఆ వీధిలో సగంమందివి అలాంటి కథలే. ఎవరికెన్ని సీట్లని పందేలు కూడా నడుస్తున్నాయి. రియాద్ మాటెత్తితే ఒక్కరూ వినలేదు.

సాయంత్రం బావ హాల్లోకి వెళ్లేసరికి పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఉసిక్ కోసం కాదు. ఆస్తానాలో జరుగుతున్న ఎలోర్డా కప్ ఫైనల్లో నిఖత్ జరీన్ స్వర్ణం గెలిచింది. 52 కిలోల్లో, కజకిస్తాన్ అమ్మాయి జజీరా ఉరాక్‌బయేవా మీద 5-0. 48 కిలోల్లో మీనాక్షికీ స్వర్ణమే. జూలై ఆఖర్లో పారిస్ ఒలింపిక్స్ ఉన్నాయి, అక్కడ నిఖత్ దిగాల్సింది 50 కిలోల్లో. ఆ రెండు కిలోలు ఎప్పుడు తగ్గించాలి, ఎలా తగ్గించాలని తొమ్మిదో తరగతి పిల్లలు పెద్ద డాక్టర్లలా వాదించుకుంటున్నారు.

గోడ మీద ఆమె ఫొటోలు రెండున్నాయి. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పటిది ఒకటి, 2023లో ఢిల్లీలో అయినప్పటిది ఇంకోటి. నిజామాబాద్ అమ్మాయి కదా, ఇక్కడివాళ్లకి సొంత బిడ్డ. నేను ఊరుకోకుండా, 2009లో విశాఖ సాయ్ సెంటర్‌లో ఐ.వి. రావు గారి దగ్గర శిక్షణ తీసుకుంది కాబట్టి సగం వాటా మాదే అన్నాను. "గా సగం మీరే ఉంచుకోండి అన్నా, పతకాలు మాకు చాలు" అంది ఒక పిల్ల. ఈ పిల్లే కాసేపటికి నా కడుపులో ప్యాడ్ మీదుగా ఒక హుక్ దించింది. అనుకోకుండా తగిలిందట.

ఇద్దరు ఛాంపియన్లు ఎదురుపడటమంటే ఈ పిల్లలకి గుర్తొచ్చేది రియాద్ కాదు, 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో జరిగిన ట్రయల్. ఒలింపిక్ క్వాలిఫయర్‌కి మేరీ కోమ్‌ని నేరుగా పంపుతారని వినిపించినప్పుడు, నాతో ఆడించి పంపండి అని నిఖత్ బహిరంగంగా అడిగింది. ఆడించారు, 9-1తో ఓడిపోయింది. ఆట అయ్యాక మేరీ చెయ్యి కూడా కలపలేదు. అప్పట్లో నేను మేరీ పక్షం, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినావిడని ట్రయల్‌కి పిలవడమేంటని. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పిల్ల అడిగింది ఉస్తాద్ అడిగినదాంట్లో సగమే. దిగి తేల్చుకుందాం అంది, అంతే.

రాత్రి పదకొండుకి చాపలు పరిచారు. ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపారు. పోటీ చూడటానికి కట్టిన డబ్బు అందరూ పంచుకున్నారు, పిల్లల దగ్గర తీసుకోలేదు. ముందు జరిగే చిన్న పోటీలకే సగంమంది నిద్రపోయారు. మూడు దాటాక ఉసిక్ కోసాక్కు వీరుడి వేషంలో, పొడవాటి కోటూ బొచ్చు టోపీతో వస్తుంటే అందరినీ తట్టి లేపాం. ఫ్యూరీ పచ్చ జాకెట్లో చిందులేస్తూ వచ్చాడు.

మొదటి రౌండంతా ఫ్యూరీ వెకిలి చేష్టలే. చేతులు వెనక్కి పెట్టాడు, మూలకెళ్లి తాళ్లకి ఆనుకుని రారమ్మన్నాడు. ఉసిక్ నవ్వలేదు, శరీరం మీదకి ఎడమ చెయ్యి వేసుకుంటూ పోయాడు. అతను సౌత్‌పా, అంటే కుడి కాలు ముందు, ఎడమ చెయ్యి వెనక. ఎత్తైనవాడు ఇలాంటివాణ్ని దూరంగా ఉంచాలంటే ముందున్న చేత్తో జాబ్, అంటే సూటి దెబ్బ, వేయాలి, కానీ ఇద్దరి ముందు చేతులూ ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. ఎవరి ముందు పాదం బయటివైపు ఉంటే వాడి వెనక చేతికి దారి దొరుకుతుంది. బావ పిల్లలకి అదొక్కటే చెబుతున్నాడు. ముఖాలు చూడకండిరా, పాదాలు చూడండి.

నాలుగో రౌండ్ నుంచి ఆట మారింది. ఫ్యూరీ కింద నుంచి అప్పర్‌కట్లు వేయడం మొదలుపెట్టాడు, శరీరానికీ గడ్డానికీ. ఆరో రౌండ్లో ఒకటి తగిలినప్పుడు ఉసిక్ కాళ్లు తేలాయి. మా ఫ్యూరీ అభిమాని, గురువారం బ్యాండేజ్ చుట్టుకున్న ఆ కుర్రాడు, లేచి నిలబడ్డాడు. ఏడు అయ్యేసరికి నా కాగితం మీద ఫ్యూరీ ముందున్నాడు. ఎనిమిదిలో ఉసిక్ ఎడమ చెయ్యి ఫ్యూరీ ముక్కు మీద దిగింది, ముఖం వాచింది.

తొమ్మిదో రౌండ్ చివర్లో తగిలింది అసలు దెబ్బ. గట్టి ఎడమ చెయ్యి. ఫ్యూరీ వెనక్కి తూలాడు. ఉసిక్ వదల్లేదు, ఒక వైపు తాళ్ల నుంచి ఇంకో వైపు తాళ్ల దాకా తరుముతూ కొట్టాడు. అంత మనిషీ కాళ్లు సొంతం కానట్టు తూలుతూ వెళ్లి తాళ్ల మీద పడ్డాడు. కిందపడలేదు. రిఫరీ మార్క్ నెల్సన్ మధ్యలోకి దూరి కౌంట్ మొదలుపెట్టాడు. కౌంట్ అయింది, ఆపైన గంట మోగింది. హాల్లో అందరూ ఒకేసారి అరుస్తున్నారు, సగంమంది ఆనందంతో, సగంమంది కోపంతో. పై అంతస్తువాళ్లు నేల మీద తన్నారు.

మిగతా మూడు రౌండ్లూ నేను సరిగ్గా చూడలేదంటే నమ్మండి. ఎవరో ఒకరు అడ్డం నిలబడి వాదిస్తూనే ఉన్నారు. ఫ్యూరీ మాత్రం నిలబడ్డాడు, ఆ స్థితిలోంచి పన్నెండో రౌండ్ దాకా రావడం చిన్న సంగతి కాదు.

తీర్పు చీలింది. ఒక జడ్జి 115-112, ఇంకొకరు 114-113 ఉసిక్‌కి ఇచ్చారు. మూడో ఆయన 114-113 ఫ్యూరీకి ఇచ్చాడు.

మే 19, ఆదివారం

నిద్ర పట్టే ప్రసక్తే లేదు. రెడ్‌హిల్స్ వెళ్లి నీలోఫర్‌లో చాయ్ తాగుతూ తగువు కొనసాగించాం. తగువు పాయింట్ ఒక్కటే. పడనివాడికి కౌంట్ ఎందుకు?

బావ హాల్లో ఒక పెద్ద కుర్రాడి వాదన ఏంటంటే, రిఫరీ మధ్యలోకి రాకపోతే ఉసిక్ ఇంకో రెండు దెబ్బల్లో పడగొట్టేవాడు, కాబట్టి ఆ కౌంట్ ఫ్యూరీని కాపాడింది. బ్యాండేజ్ కుర్రాడి వాదన దీనికి పూర్తిగా ఎదురు. పడనే లేదు కాబట్టి ఆ కౌంట్ ఉసిక్‌కి ఊరికే వచ్చిన పాయింట్. నా మటుకు నాకు రిఫరీ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. తాళ్లు లేకపోతే కూలిపోయేవాడే అనిపిస్తే, నిలబడి ఉన్నా నాక్‌డౌన్ కిందే లెక్క. రూల్ అదే. పైగా తల వేలాడేసినవాణ్ని కొడుతుంటే చూస్తూ ఊరుకునే రిఫరీ నాకు అక్కర్లేదు.

కానీ కుర్రాడు అన్నదాంట్లో లెక్క మాత్రం తప్పు లేదు. బావ బిల్లు వెనక రాసి చూపించాడు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కౌంట్ పడితే 8. పన్నెండు రౌండ్లకి ఇద్దరివీ కలిపితే 228 రావాలి. ముగ్గురు జడ్జీల కార్డులూ కలిపి చూడండి, ఒక్కోదాంట్లో 227. అంటే ముగ్గురూ తీసేసింది ఆ తొమ్మిదో రౌండ్‌లోని ఒక్క పాయింటే. దాన్ని తిరిగి ఫ్యూరీకి కలిపితే? మొదటి కార్డు 115-113 ఉసిక్‌కి. మూడోది 114-113 కాస్తా 114-114 అయ్యేది... కాదు, ఆ కార్డులో ముందున్నది ఫ్యూరీయే కదా, అది 115-113 అవుతుంది. 114-114 అయ్యేది ఉసిక్‌కి ఇచ్చిన రెండో కార్డు. ఒకటి ఉసిక్‌కి, ఒకటి ఫ్యూరీకి, ఒకటి సమానం. అంటే డ్రా. డ్రా అంటే ఎవరి బెల్టులు వాళ్లవే, మళ్లీ ఇద్దరు ఛాంపియన్లు. బార్కస్ పెద్దాయనకి బావ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది.

గెలిచాక ఉసిక్ వాళ్ల నాన్నని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి ఇంటికి చేరేలోపే ఆయన పోయాడు, పతకం చూడనే లేదు. ఫ్యూరీ ఏమో, గెలిచింది నేనే, వాళ్ల దేశం యుద్ధంలో ఉంది కాబట్టి అందరూ అటు మొగ్గారు అన్నాడు. ఓడినవాడు మాట్లాడేది మొదటి గంటలో వినకూడదని బావ. నాకు మాత్రం అది నోటి దురుసే.

మధ్యాహ్నం ఇంట్లో కాసేపు కునుకు తీసి బయల్దేరాను. రోడ్డంతా నారింజ జెర్సీలు, ఉప్పల్‌లో పంజాబ్‌తో మ్యాచ్. ఈసారి వాన లేదు. రాత్రి ఆట మీద రాని ట్రాఫిక్ దీని మీద వచ్చింది. బావ నన్ను నాంపల్లిలో దించుతూ మళ్లీ పోటీ ఎప్పుడు పెడతారంటావ్ బామ్మర్దీ అన్నాడు. ఒప్పందంలో రెండో పోటీ కూడా ఉంది కాబట్టి ఈ ఏడాదే ఉండాలి.

బండి ఎక్కి స్కోరు చూసుకున్నాను. పంజాబ్ 214 కొట్టింది. అభిషేక్ శర్మ 28 బంతుల్లో 66 బాది సన్‌రైజర్స్‌ని గెలుపు దారి పట్టించాడు. ఫోన్ జేబులో పెట్టి కళ్లు మూశాను. వరంగల్ దగ్గర పడుతుండగా ఎవరో భుజం తట్టారు. ఎదురు బెర్తులో పెద్దాయన, రాజమండ్రిలో దిగాలట, పులిహోర పొట్లం విప్పి నాకూ కాస్త పెట్టాడు.

"ఏవండీ, ఎవరు గెలుస్తారంటారు?"

"గెలిచేశాడు కదండీ, ఉసిక్."

ఆయన నోట్లో ముద్ద నములుతూ కాసేపు ఆలోచించాడు.

"ఏ నియోజకవర్గం?"